ఎండిపోయింది – డ్రైడ్ అప్

"చెరువు ఎండిపోయింది" అనే వాక్యం మన అనంతపురం విద్యార్థికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంగ్లీషులో అది "ది ట్యాంక్ డ్రైడ్ అప్". తెలుగులో భూతకాలం రెండో మాట మీద పడుతుంది: 'ఎండి' కదలదు, 'పోవు' కాస్తా 'పోయింది' అవుతుంది. ఇంగ్లీషులో దీనికి తలకిందులు. 'డ్రై' మారి 'డ్రైడ్' అవుతుంది, 'అప్' ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

చిక్కంతా 'డిడ్' వచ్చినప్పుడే. భూతకాలాన్ని అదే మోస్తుంది గనుక క్రియ మళ్లీ మొదటి రూపానికి రావాలి: "ది వెల్ డిడ్ నాట్ డ్రై అప్". 'డిడ్ నాట్ డ్రైడ్ అప్' అని రాశారో, మార్కులు పోయినట్టే!

"ది రెయిన్ హెల్డ్ ఆఫ్" అంటే వస్తుందనుకున్న వాన రాలేదని. 'హోల్డ్', 'ఆఫ్' విడివిడిగా నిఘంటువులో వెదికితే ఈ అర్థం దొరకదు. క్రికెట్ చూసే ఇంగ్లీషువాడు ఈ మాట సంతోషంగా అంటాడు. చెనిక్కాయ విత్తి మబ్బుకేసి చూసే మన రైతు అట్లా అనలేడు.