కోడ్‌లో ఎరువుల లెక్క - విస్తీర్ణం గడి సరిచూశారా?

భూసార పరీక్ష ఫలితం రాసిన కాగితం మీద నల్లగళ్ల చదరం ఒకటి ముద్రించి ఇచ్చారనుకోండి. అదే క్యూఆర్ కోడ్. 1994లో జపాన్‌లో మోటారు విడిభాగాల లెక్క కోసం పుట్టిన గుర్తు ఇది. దీన్ని ఫోన్ కెమెరాతో చూపిస్తే ఎరువుల కాలిక్యులేటర్ తెరుచుకుంటుంది. గడుల్లో అంకెలు అప్పటికే నింపి ఉంటాయి. టైపు చేయడం రాని వారికి ఇది మంచి సదుపాయమే. నెట్ మాత్రం ఉండాలి.

అయితే కోడ్ లెక్క చేయదు. అందులో ఉండేది లింకు. తయారుచేసినవారు నింపిన అంకెలు ఆ లింకు చివర అతికించి ఉంటాయి. అవి మీ పొలానివి కాకపోతే జవాబు కూడా మీది కాదు.

ఉదాహరణకు వరికి ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు సిఫారసు చేశారనుకుందాం. (మీ మోతాదు భూసార పరీక్షను బట్టి వేరుగా ఉండొచ్చు.) ముందుగా భాస్వరం చూడాలి. డీఏపీలో భాస్వరం 46 శాతం కాబట్టి 52 కిలోలు చాలు. అందులోనే 9 కిలోల పైచిలుకు నత్రజని వస్తుంది. మిగతా నత్రజనికి 84 కిలోల యూరియా, పొటాష్‌కు 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావాలి.

ఇక విస్తీర్ణం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తెలంగాణలో ఎకరం పది గుంటలను 1.10 అని రాయడం మనకు అలవాటు. కాలిక్యులేటర్‌కు గుంటలు తెలియవు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 1.25 అని కొట్టాలి. 1.10 అంటే యూరియా 92 కిలోలే చూపిస్తుంది, నిజానికి కావలసింది 105. సెంట్లలో రాసుకునే ఆంధ్ర రైతులకు ఈ ఇబ్బంది లేదు. గడి పక్కన హెక్టారు అని ఉందేమో మాత్రం అందరూ చూడాలి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు.

బస్తా బరువు కూడా చూడండి. వేపపూత యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే. గడిలో పాత 50 ఉంటే, రెండు బస్తాల మీద 5 కిలోలు చాలంటుంది. అసలు 15 కావాలి. చూపిన యూరియా మొత్తం పంటకాలానికి, ఒకేసారి గుప్పించకండి.

మీరు అంకె మార్చినా కాగితం మీది కోడ్ మారదు. పక్క రైతు దాన్ని చూపిస్తే పాత అంకెలే వస్తాయి. షేర్ మీట ఉంటే కొత్త లింకు పంపండి, లేకుంటే కాగితం వెనక పెన్నుతో రాసివ్వండి. లెక్క చూపించడానికి పిన్ నంబరు అడిగితే ఆ పేజీ మూసేయండి.