హార్లెమ్ రెనసాన్సు జట్టు చరిత్రము

1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమందు జేమ్సు నైస్మిత్ అను నుపాధ్యాయుడు వ్యాయామశాలలో రెండు పండ్లబుట్టలను ఎత్తుగా బిగించి బాస్కెట్‌బాలు ఆటను కనిపెట్టెను. బుట్ట యెత్తు అందఱికిని పదియడుగులే. కాని ఆటస్థలపు ద్వారము మాత్రము చిరకాలము అందఱికి సమానముగ తెఱువబడలేదు. ఈ సంగతిని బోధించు నొక జట్టు చరిత్రమును మన విద్యార్థుల కెఱిగింప దలచితిమి.

న్యూయార్కు నగరమందలి హార్లెమ్ పేటలో నల్లజాతివారు విస్తారముగ నివసించుచుండిరి. సెయింటు కిట్సు దీవియందు జన్మించిన రాబర్టు డగ్లసు 1923లో అచ్చట నొక జట్టును సమకూర్చెను. ఆటగాండ్రందఱును నల్లవారు, యజమానియు నల్లవాడే. రెనసాన్సు కాసినో అను నాట్యమందిరమువారు, తమ మందిరము పేరు పెట్టుకొన్నచో చోటిత్తుమనగా డగ్లసు సమ్మతించెను. ఆట ముగిసిన పిమ్మట ఆ నేలమీదనే నాట్యము జరుగుచుండెడిది. జనులు ఆ జట్టును ‘రెన్సు’ అని పిలిచిరి.

1925లో వెలసిన అమెరికన్ బాస్కెట్‌బాలు లీగు వీరిని చేర్చుకొనలేదు. కావున వీరు బస్సులో ఊరూర తిరిగి ఆడుచుండిరి. సాయంకాలము చప్పట్లు కొట్టిన ఊరే రాత్రి తలదాచుకొన చోటీయకుండెను. పెక్కు హోటళ్లలో వీరికి గది గాని భోజనము గాని దొరకదు. బస్సులోనే తినుచు, నిద్రించుచు, ఆదరము లభించు పట్టణము చేరువఱకు దూరప్రయాణములు చేయుచుండిరి. అట్టి యలసటలోనే 1932-33లో వరుసగ 88 ఆటలు గెలిచిరి. బంతిని నేలకు తట్టుచు నొకడే కొనిపోవుటకన్న, ఒకరినుండి యొకరికి త్వరగ నందించుటయే వీరి నేర్పు.

1939 మార్చిలో షికాగోయందు ప్రపంచ వృత్తిజట్ల పోటీలు జరిగెను. రెన్సువారు నల్లవారిదేయగు హార్లెమ్ గ్లోబుట్రాటర్సు జట్టును 27-23 పాయింట్లతోను, తుదియాటలో తెల్లవారి జట్టగు ఆష్కాషును 34-25 పాయింట్లతోను ఓడించిరి. డగ్లసు తనవారికి బహూకరించిన కోట్లమీద ‘నల్లజాతి ప్రపంచ విజేతలు’ అను నర్థమిచ్చు మాటలు కుట్టబడియుండెను. జాన్ ఐజక్సు అను ఆటగాడు జాతిని తెలుపు మాటను కత్తితో ఊడదీసి, ‘ప్రపంచ విజేతలు’ అనుదానిని మాత్రమే నిలుపుకొనెను. గెలిచినది అందఱిమీద గదా!

1948 డిసెంబరులో నేషనల్ లీగులో మధ్యన తొలగిన డెట్రాయిటు జట్టు స్థానమున, డేటన్ పట్టణము పేరుతో, వీరికి ప్రవేశము లభించెను. పాతజట్టు ఓటములు సైతము వీరి లెక్కలోనే చేరెను. 1949లో లీగులు రెండును కలిసి ఎన్.బి.ఏ. యయ్యెను, అందు వీరికి చోటు దొరకలేదు. జట్టు అంతరించెను. మరుసటి యేడే, 1950లో, ఎన్.బి.ఏ. నల్లజాతి ఆటగాండ్రను చేర్చుకొనెను. వారిలో నొకడగు నాట్ క్లిఫ్టన్ పూర్వము రెన్సు జట్టువాడే. తలుపు తట్టినవారు వేఱు, లోనికి బోయినవారు వేఱు. బాస్కెట్‌బాలు కీర్తిమందిరము 1963లో ఈ జట్టును గౌరవించెను.

విద్యార్థులారా, మనము జట్టు నెంచునపుడు పుట్టుకను గాక నేర్పునే చూతము. బుట్టకు బంతి వేసినవాని జాతి తెలియదు.