భార్యాభర్తలు ఇచ్చే సొమ్ము - పన్ను లెక్క

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. పట్నంలోని బంధువులు గేదెలు కొనుక్కోమని పంపిన డబ్బుకు పన్ను కట్టాలా అని.

1958లో వచ్చిన గిఫ్టు పన్ను ఇచ్చినవారి మీద పడేది. చివరి సంవత్సరాల్లో ఏటా 30,000 రూపాయల వరకు మినహాయింపు, పైమొత్తానికి నూటికి 30 పన్ను. భార్యాభర్తలు తమ తమ సొమ్ము విడివిడిగా ఇస్తే ఇద్దరికీ మినహాయింపు దక్కేది. 1998 అక్టోబరు 1 నుంచి ఆ పన్ను లేదు. ఇప్పటి లెక్క పుచ్చుకున్నవారి ఆదాయపు పన్నులో చూస్తారు. ఈ తేడా తెలియకనే చిక్కులు.

ఒక మేనల్లుడు, అతని భార్య చెరి 50,000 మేనమామ ఖాతాకు పంపారనుకోండి. ఎవరి హద్దులో వారున్నామనే వారి ధీమా. కాని హద్దు పుచ్చుకున్నవారికి, ఏడాది మొత్తానికి. 50,000 దాటితే పైమొత్తమే కాదు, లక్షా మేనమామ ఆదాయంలో కలుస్తుంది. అదే 50,000 మేనమామకు, 50,000 అత్తకు ఆమె సొంత ఖాతాలో వేసి ఉంటే, ఆ ఏడు వారికి అలాంటి సొమ్ము మరేదీ రాకపోతే, ఇద్దరికీ పన్ను లేదు.

మేనమామ బంధువు కాడా అని అడుగుతారు. చట్టంలో బంధుత్వం పుచ్చుకునేవారి వైపునుంచి చూస్తారు. మేనమామ మేనల్లుడికి ఎంతిచ్చినా పన్ను లేదు. మేనల్లుడు మేనమామకిస్తే ఉంది. వింతే గాని, చట్టం అంతే! తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తల మధ్య ఈ హద్దు లేదు. పెళ్ళిలో వధూవరులకు ఎవరు చదివించినా లేదు.

భర్త భార్యకిచ్చే దానికీ పన్ను లేదు గాని, ఆ డబ్బుతో ఆమె వేసిన డిపాజిట్టు వడ్డీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. గేదెలు కొంటే పాల మీద మిగులూ అంతే. పాడి ఆదాయం వ్యవసాయాదాయం కాదు. తగిన వడ్డీకి అప్పుగా ఇచ్చి, ఆ వడ్డీ నిజంగా పుచ్చుకుంటుంటే కలపరు.

ఏదిచ్చినా బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఎంత ఇచ్చారో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసి, పాసుపుస్తకంతో పాటు దాచండి.