మూడణాల వాటా

బుజ్జితల్లీ,

నీ ఉత్తరం అందింది. ఆ కంపెనీలో మీ క్లయింటు వాటా 19 శాతమే కాబట్టి అది అసోసియేట్ కాదని మీ సీనియర్ గారు తేల్చేశారనీ, నువ్వు టిక్కు పెట్టేశావనీ రాశావు. ఆ టిక్కు నాకు నిద్ర పట్టనివ్వలేదు. క్లయింటు మనిషి వాళ్ళ బోర్డులో ఉన్నాడనీ, వాళ్ళ ముడిసరుకులో సగం క్లయింటే అమ్ముతాడనీ నువ్వే రాశావు గదమ్మా! రాస్తున్నప్పుడైనా అనుమానం రాలేదా?

ఇండ్ ఏఎస్ 28లో 20 శాతం గీత కాదు, ఆనవాలు. అంతకు తక్కువున్నా వాళ్ళ నిర్ణయాల్లో మన మాటకు చోటుంటే అసోసియేటే. ఎక్కువున్నా మాట చెల్లదని రుజువు చేస్తే కాదు.

మీ తాతయ్యకు మిల్లులో మూడణాల వాటా. రూపాయికి పదహారణాలు, లెక్క కట్టు: 18.75 శాతం. అయినా ఆయన ఊఁ అనందే ధాన్యం బండి లోపలికి వచ్చేది కాదు. నన్ను సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. ఆయన్ని చూడగానే గుమాస్తా లేచి నిలబడేవాడు. నేను తవుడు బస్తాల మీద నిద్రపోయేవాణ్ణి.

రాత్రిళ్ళు భోంచేస్తున్నావా? మీ నాన్న ఫోన్లో నీ గొంతు నీరసంగా ఉందన్నాడు.

అసోసియేట్ అని తేలితే కన్సాలిడేషన్ మారిపోతుంది. 20 లక్షలకు కొన్నారనుకో. ఆ కంపెనీ లాభం 10 లక్షలు. మన పాలు 1.90 కలిపి 21.90 అవుతుంది. 40 వేలు డివిడెండ్ వస్తే తీసేసి 21.50. లాభం ముందే రాశాం గనక డివిడెండ్ మళ్ళీ లాభం కాదు. నా ఆర్టికల్స్ రోజుల్లో ఈ పద్ధతే లేదు. 2002లో ఏఎస్ 23 అమల్లోకి వచ్చేదాకా డివిడెండ్ వస్తే ఆదాయం, రాకపోతే సున్నా. ఇప్పటికీ స్టాండలోన్‌లో డివిడెండ్ ఆదాయమే, అక్కడ కంగారుపడకు. అసోసియేట్ కాదంటే ఇండ్ ఏఎస్ 109 ప్రకారం ఫెయిర్ వాల్యూ.

సోమవారం వాళ్ళ బోర్డు మినిట్స్ అడుగు. క్లయింటు తరఫు డైరెక్టరు నోరు విప్పాడా, టీ తాగి వచ్చాడా చూడు. సీనియర్ గారితో వాదించకు, తెలియనట్టే అడుగు. మూడణాల కథ మాత్రం చెప్పకు, నవ్వుతారు.

పెద్దమ్మ సున్నుండలు పంపింది. డబ్బా మూత బిగుసుకుపోయింది, చెంచాతో తట్టి తియ్యి.

మీ పెదనాన్న