గర్వం వేరు, ఆత్మగౌరవం వేరు





ఈ పాఠం నా తప్పుతోనే మొదలుపెడుతున్న. కొన్నేండ్ల కింద ఒక ఊరి విహారంలో బుద్ధ పూర్ణిమ జరిగింది. చందాలు జమచేసింది నేను, టెంటు మాట్లాడింది నేను. తీరా చూస్తే ఫ్లెక్సీలో నా ఫొటో లేదు, స్టేజీ మీదికి పిలుపు లేదు. మొఖం మాడ్చుకొని వెనక గోడకు ఆనుకొని కూసున్న. అందరూ త్రిశరణం చదువుతుంటే నా పెదవులు కదులుతున్నయి గని, మనసు ఫ్లెక్సీ కాడనే ఉన్నది. ఊరి ముసలవ్వ ఒకామె పక్కకు వచ్చి అడిగింది: "బిడ్డా, బుద్ధునికి దండం పెట్టెతందుకు అచ్చినవా, నువ్వు పెట్టిచ్చుకునెతందుకు అచ్చినవా?" జవాబు చెప్పలేకపోయిన.

మాన అంటే ఏమిటి?

అవ్వ పట్టుకున్న రోగానికి పాళీలో 'మాన' అని పేరు. తెలుగులో మానం అంటే పరువు. పాళీలో మాన అంటే గర్వం, తనను ఇతరులతో తూచుకునే బుద్ధి. మాటలు ఒక్కతీరుగ ఉన్నయని రెండిటినీ కలపొద్దు. ఈ తూకం మూడు రకాలని ధమ్మం చెప్తది: నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ. మూడోది కూడా మానే అని గమనించాలె. "నా బతుకింతే, నేను తక్కువోణ్ణి" అనుకునుడు వినయం కాదు, అదీ తూకమే.

మరి సమానం అనుకునుడు తప్పా? మనుషులందరూ సమానమని నమ్ముడు బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి. అది ధమ్మం. "వానికంటే నేనేం తక్కువ" అని పొద్దుమాపు పక్కోనితో పోటీ పెట్టుకునుడు మాన.

మనిషిని కట్టేసే సంయోజనాలు పది. అందులో మాన ఎనిమిదవది. మిగతావి చాలా తెగిపోయినా ఇది అర్హంతుడు అయ్యేదాకా మిగిలే ఉంటది. అంటే పంచశీలం పాటించేటోళ్లకు, సంఘాలు నడిపేటోళ్లకు కూడా ఈ ప్రమాదం తప్పదు. తాగుడు మానినోనికి "నేను తాగను" అనే మత్తు ఎక్కవచ్చు.

మన గోదావరి ఒడ్డున

సుత్తనిపాతంలోని పారాయణవగ్గంలో బావరి కథ ఉన్నది. అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న పండితుడు ఆయన. ఆ చోటు మన నిర్మల్ జిల్లాలోని బాదన్‌కుర్తి అని పలువురు చెప్తరు. ఒకనాడు ఒక బ్రాహ్మణుడు వచ్చి 500 అడిగిండు. బావరి కాడ ఏమీ లేదు. "ఏడు రోజులల్ల నీ తల ఏడు ముక్కలైతది" అని ఆ వచ్చినాయన శపించిండు. బావరి భయపడ్డడు. కానీ ఇంతమంది శిష్యులున్న గురువును, నాకు తెలువనిది ఏముంటదని బిగుసుకొని కూసోలేదు. తెలిసినవాడు ఎవరో విని, 16 మంది శిష్యులను అంత దూరం బుద్ధుని కాడికి పంపిండు. బుద్ధుని జవాబు ఇది: తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య.

"నాకు తెలువదు" అనే ఒక్క మాటతోనే మన గడ్డకు ధమ్మం తొవ్వ దొరికింది. ఆ మాట అనలేనోనికి ధమ్మం ఎట్ల అందుతది?

ముందు ఉపాలి, వెనక శాక్యులు

అనురుద్ధుడు, ఆనందుడు మొదలైన శాక్య కుమారులు సంఘంలో చేరవచ్చినప్పుడు వాళ్ల మంగలి ఉపాలి కూడా వెంట ఉన్నడు. "మేం గర్విష్ఠులం. ముందు ఉపాలికి దీక్ష ఇయ్యండి, మేం ఆయనకు మొక్కుతం, మా గర్వం దిగుతది" అని వాళ్లే అడిగిన్రు. బుద్ధుడు అట్లనే చేసిండు. బుద్ధుని పరినిబ్బాణం తర్వాత రాజగృహ సంగీతిలో వినయ నియమాలు చెప్పింది ఈ ఉపాలినే.

ఇక్కడ ఎవరు వంగిన్రో చూడాలె. పైనున్నోళ్లు దిగిన్రు. కాబట్టి మనల్ని అణిగి ఉండుమనేటోళ్లు చెప్పేది ధమ్మం కాదు. మన తాతలు "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నది వినయం కాదు, భయం. భయంతో వంగుడు బానిసత్వం. గౌరవంతో, తెలిసి వంగుడు వినయం.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అట్లనే వంగిండు. అంత చదువు చదివినోడు, రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు, ముసలి భిక్షువు చంద్రమణి ముందు చేతులు జోడించి త్రిశరణ పంచశీలాలు తీసుకున్నడు. రెండు రోజులకు చాందాలో, అంటే మన సిర్పూర్ కాగజ్‌నగర్ నుంచి రైలెక్కితే వచ్చే చంద్రపూర్‌లో, జనానికి దీక్ష ఇచ్చిండు. ఏ దొరకూ వంగని తల ధమ్మానికి వంగింది.

మన ఇంటి సంగతి

కులమంటే మెట్ల అసమానత అని బాబాసాహెబ్ చెప్పిండు. ప్రతి మెట్టు మీదున్నోనికీ కింద చిన్నచూపు చూసేటందుకు ఇంకొకడు దొరుకుతడు. మాననే కులానికి నూనె. దీక్ష తీసుకున్న ఇంట్ల కూడా పిల్లకు సంబంధం వస్తే మాలనా, మాదిగనా, నేతకానినా అని అడుగుతున్నమా లేదా? వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు, అది హక్కుల లెక్క. కానీ ఆ మాట మీద ఒకరినొకరు హీనంగ తిట్టుకుంటే అష్టాంగ మార్గంలోని సమ్యక్ వాక్కు పోయినట్టే. నౌకరి వచ్చి పట్నంలో ఇల్లు కట్టి, వాడకట్టు తొవ్వ మరిచినోడు కూడా ఈ రోగంలోనే ఉన్నడు.

ఆచరణ

1. రోజూ వందన చేసే ముందు "ఇయ్యాల ఎవరిని తూచిన?" అని అడుగుకోవాలె.

2. విహారంలో ఊడ్చుడు, గిన్నెలు కడుగుడు, చాపలు పరుచుడు వంటి పని ఒకటి చెయ్యాలె. ఎవరికీ చెప్పొద్దు.

3. తెలువనిది తెలువదని అనాలె. చిన్నోళ్లు తప్పు చూపిస్తే ఒప్పుకోవాలె.

4. అన్యాయం ముందు మాత్రం తల దించొద్దు. వినయమంటే నోరు మూసుకునుడు కాదు.

మరుసటి పూర్ణిమకు నేను చాపలు పరిచిన. ఫ్లెక్సీ దిక్కు చూడలేదంటే అబద్ధం, చూసిన. ఈసారి నవ్వొచ్చింది. అవ్వ ముందు వరుసల కూసున్నది. పోయి ఆమెకు దండం పెట్టిన.

భవతు సబ్బ మంగలం.