చప్పట్ల తరువాత

2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు వీరమరణం పొందారు. వారిలో ఒకరైన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకొని, జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ పొంది, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు కమాండింగ్ అధికారి అయిన వ్యక్తి. ఆయన పార్థివ దేహం స్వస్థలానికి చేరినప్పుడు కరోనా భయాన్ని సైతం లెక్కచేయక ప్రజలు దారి పొడవునా నిలబడి పూలు చల్లారు. సమీపంలోని కేసారం గ్రామంలో జూన్ 18న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. 2021 జూన్ 15న సూర్యాపేటలో ఆయన విగ్రహం వెలసింది.

ఆ పట్టణం తన కృతజ్ఞతను ఘనంగానే చాటుకొన్నది. అయితే విగ్రహాలు కొందరికే దక్కుతాయి. సైన్యంలో పదిహేను, పదిహేడు ఏండ్లు గడిపి, ప్రాణాలతో ఇల్లు చేరిన సామాన్య జవానుకు ఊరేగింపు ఉండదు. మాజీ సైనికుడు అనగానే నెరసిన మీసాలు, ఛాతీ నిండా పతకాలు ఊహించుకొంటాము గాని, చాలామంది జవాన్లు నలభై ఏండ్లు నిండకముందే పదవీ విరమణ చేస్తారు. పిల్లల చదువులు అప్పటికి సగంలో ఉంటాయి. అందువల్ల ఎందరో మళ్లీ కొలువు వెదుక్కొంటారు. బ్యాంకు గుమ్మం వద్ద తుపాకితో నిలబడిన కాపలాదారు ఒకనాడు సియాచిన్ మంచులో పహరా కాసినవాడు కావచ్చు. తలుపు తెరచినందుకు అతనికి ఒక నమస్కారం చెప్పడానికి ఎవరికీ ఖర్చు లేదు. అయినా చెప్పేవారు అరుదు.

నమస్కారం కన్న ఎక్కువ పనికివచ్చే సాయం మరొకటి ఉన్నది. పింఛను పొందే ప్రతివారు తాము జీవించి ఉన్నట్లు ఏటా ధ్రువపత్రం సమర్పించాలి. సాధారణంగా నవంబరు మాసంలో ఈ పని జరుగుతుంది. దీనిని ఇంటి నుండే పూర్తి చేసుకొనేందుకు 2014లో జీవన్ ప్రమాణ్ అనే విధానం వచ్చింది. కాని వేలిముద్ర అరిగిపోయిన వృద్ధునికి, పెన్షను పత్రాలపై ఉన్న ఆంగ్లం అర్థం కాని వీరనారికి ఆ సౌకర్యం అందని ద్రాక్షే. పత్రం అందకపోతే పింఛను నిలిచిపోతుంది. దేశానికి కొడుకునో భర్తనో ఇచ్చిన ఇంటిలో పొయ్యి వెలగడం అప్పుడు ఒక సంతకం మీద ఆధారపడుతుంది. చేతిలో ఫోను ఉన్న ఇంటర్మీడియట్ విద్యార్థి అరగంట కూర్చుంటే తీరే కష్టమిది. బ్యాంకు రహస్య సంఖ్య అడగకుండా, పత్రం చేరిందని ముద్రిత రసీదు చేతికిచ్చి వస్తే ఆ సాయం సంపూర్ణమవుతుంది. 1949 నుండి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతున్నది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాను చొక్కాకు తగిలించుకొని విరాళం ఇవ్వడం ఆనాటి ఆచారం. ఆ సొమ్ము మాజీ సైనికుల, అమరవీరుల కుటుంబాల సంక్షేమానికి చేరుతుంది. ఇది మంచి ఆచారమే. కాకపోతే నవంబరులో పక్కింటి ముసలాయన పడిన పాట్లు ఆ జెండాకు తెలియవు.

అంతిమయాత్రలో చల్లిన పూలను మరునాడు ఊడ్చి ఎత్తవలసినవారు పారిశుద్ధ్య కార్మికులు. సేవ అనే మాటలో వారికీ స్థానమున్నది. ఈ విషయంలో సూర్యాపేటకు సైనిక కీర్తికి ముందే మరొక కీర్తి ఉన్నది. దాదాపు లక్ష జనాభా గల ఆ పట్టణంలో 2003 ప్రాంతంలో పురపాలక సంఘం వీధి చెత్తకుండీలను తొలగించింది. ఇంటింటా తడి చెత్తను, పొడి చెత్తను వేరువేరుగా సేకరించే పద్ధతి ప్రవేశపెట్టింది. తడి చెత్త ఎరువుగా మారింది. పొడి చెత్తను అమ్మారు. ఇతర పట్టణాల అధికారులు చూచి నేర్చుకొనడానికి వచ్చేవారు. ఆ విజయంలో అధికారుల పట్టుదల ఎంతటిదో, ఇంటిలో రెండు డబ్బాలు పెట్టుకొన్న గృహిణుల ఓపిక కూడా అంతటిదే. ఈ రెండో మాట అంతగా ఎవరూ చెప్పరు.

సూర్యాపేట నుండి జనగామ వెళ్లే రహదారిపైన ఉన్న తిరుమలగిరి 2018లో గ్రామ పంచాయతీ నుండి పురపాలక సంఘంగా మారింది. ఊరు పట్టణమైతే చెత్త స్వభావం కూడా మారుతుంది. పేడ, ఆకులు, బూడిద తగ్గి ప్లాస్టిక్ సంచులు, సీసా పెంకులు, వాడిన సూదులు పెరుగుతాయి. వీటన్నిటినీ ఒకే సంచిలో కుక్కి ఇచ్చినప్పుడు, విడదీసే పని కార్మికురాలి చేతివేళ్లపై పడుతుంది. పగిలిన గ్లాసును పాత పేపరులో చుట్టకుండా పారవేసిన ఇల్లు ఆమెకు దసరా మామూలు ఎంత ఇచ్చినా ఆ గాయం మానదు. తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలను ఇంటి వద్దనే వేరుచేయాలని, పారిశుద్ధ్య ప్యాడ్లను భద్రంగా చుట్టి ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016 నాటి నియమాలలోనే స్పష్టం చేసింది. ఈ నియమం పాటించడం చట్టాన్ని గౌరవించడమే గాక ఒక మనిషి చేతిని కాపాడడం కూడా.

2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ నాటి సాయంత్రం అయిదు గంటలకు దేశమంతా గుమ్మాలలో నిలిచి చప్పట్లు కొట్టింది. పళ్లెములు మ్రోగించింది. వైద్యులు, నర్సులు, పారిశుద్ధ్య సిబ్బంది పట్ల చూపిన కృతజ్ఞత అది. ఆ రోజులలోనే కొన్ని పట్టణాలలో ఇంటి యజమానులు వైద్య సిబ్బందిని అద్దె ఇండ్లు ఖాళీ చేయమన్నారు. చివరకు అటువంటివారిపై చర్య తీసుకోవాలని కేంద్రం ఆదేశించవలసి వచ్చింది. వైద్య సిబ్బందిపై దాడులను శిక్షించేందుకు ఏప్రిల్‌లో ప్రత్యేక ఆర్డినెన్సు వచ్చింది. చప్పట్లు కొట్టినవారు, ఇండ్లు ఖాళీ చేయమన్నవారు ఒక్కరే అని చెప్పలేము గాని, ఒకే వీధిలోనివారు కావచ్చు.

గౌరవం భాషలోనూ కనిపిస్తుంది. వీధిలో బండి గంట వినపడగానే “చెత్తోడు వచ్చిండు” అని పిల్లలు ఇంటిలోకి కేక వేస్తారు. పోస్టుమాను విషయంలో మాత్రం అదే నోరు “వచ్చిండ్రు” అంటుంది. ఏకవచనానికి, బహువచనానికి నడుమ ఉన్న దూరం తెలుగులో వ్యాకరణానికి సంబంధించినది మాత్రమే కాదు. తెలంగాణలో “సఫాయన్న” అనే పిలుపు వాడుకలోకి వచ్చింది. అక్కా, అన్నా అని వరుస కలిపి పిలవడం ఈ నేలకు క్రొత్త కాదు. ఆశా కార్యకర్తను చాలా పల్లెలలో “ఆశక్క” అంటారు. 2005లో ప్రారంభమైన గ్రామీణ ఆరోగ్య పథకంతో వచ్చిన ఈ కార్యకర్తలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవించింది. ఎండలో ఇల్లిల్లు తిరిగి గర్భిణుల వివరాలు రాసుకొనే ఆమెకు అరుగుమీద చోటు చూపి చెంబెడు మంచినీళ్లివ్వడం, పుస్తకంలో రాయవలసిన సమాధానాలు విసుగు లేకుండా చెప్పడం ఆ పల్లెవారి చేతిలోని పని.