యంత్రములు పెరుగుచున్న రైతుకు విద్యుత్ తీగెల ఏర్పాటు



రామగుండము, గోదావరిఖని ప్రాంతమున రాత్రివేళ ఏ దిక్కు చూచినను దీపములే కనిపించును. సింగరేణి గనులలో త్రవ్విన బొగ్గు ప్రక్కనే ఉన్న ఎన్.టి.పి.సి. కేంద్రములో విద్యుత్తుగా మారుచున్నది. ఆ కేంద్రపు మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో నడువ మొదలిడినది. 2004లో ఏడవ యూనిట్ చేరి మొత్తము 2600 మెగావాట్లయినది. అంతకు ముందే 1971లో ప్రారంభమైన 62.5 మెగావాట్ల పాత కేంద్రము 2024లో మూతబడినది.

ఇంత విద్యుత్తు మన ప్రక్కనే పుట్టుచున్నను, పల్లెలో గిర్ని పెట్టిన రైతు మాత్రము “వోల్టేజి చాలుటలేదు, మోటారు కాలినది” అని వాపోవుట తరచు వినుచున్నాము. దీపము క్రింద చీకటి అన్నట్లున్నది. కేంద్రములో పుట్టిన శక్తి 400 కిలోవోల్టుల లైన్లపై దూరప్రాంతములకు పోవును. మన కొట్టమునకు వచ్చునది ఊరి ట్రాన్సుఫార్మరు నుండి, అక్కడి నుండి మనము వేసికొన్న తీగెలో వచ్చినంత మాత్రమే. ఆ తీగె సరిగా లేనిచో ప్రక్కన ఎన్ని మెగావాట్లున్నను ప్రయోజనము లేదు.

నేను పైరుల సాగు బోధించువాడనే గాని విద్యుత్ ఇంజనీరును కాను. తీగెలు వేయు పని లైసెన్సుగల కంట్రాక్టరే చేయవలెను. అయితే ఎంత బరువు వచ్చునో, రేపు ఏ యంత్రము చేరునో రైతుకు తెలిసినంతగా కంట్రాక్టరుకు తెలియదు. ఆ లెక్క మీరే వేసికొని అతనికి చెప్పవలెను. ఆ లెక్క ఎట్లు వేయవలెనో ఈ పాఠములో చూతము.

1. కాలక్రమేణ జరుగు పొరపాటు

మన ప్రాంతమున సాధారణముగా జరుగునది ఇది. ఇంటిలో ఒకరు గనిలో పనిచేసి పదవీ విరమణ పొందుదురు. చేతికి వచ్చిన సొమ్ముతో నాలుగు పాడి గేదెలు కొందురు. కాలనీలలో పాలకు గిరాకి ఉన్నది గనుక నాలుగు పది అగును. గడ్డి కోయుటకు యంత్రము వచ్చును. దానికి ఇంటి మీటరు నుండి ఒక తీగె లాగుదురు. మరుసటి ఏడు పిండిమర వచ్చును. గడ్డి యంత్రపు స్విచ్చి నుండియే దానికి ఇంకొక తీగె కట్టుదురు. ఆపైన బియ్యపు మర. మొదటి తీగె మాత్రము మారదు. మూడు యంత్రముల బరువు ఒక యంత్రము కొరకు వేసిన తీగెపై పడును. తీగె వేడెక్కి తొడుగు మెత్తబడును. ఒకనాడు పొగ వచ్చును. లేదా వానాకాలమున కొట్టములో కట్టిన గేదె కూలబడును.

దీనికి మందు ఒక్కటే. యంత్రము కొనక ముందే తీగెలు ఎట్లు పోవలెనో కాగితముపై గీసికొనవలెను.

2. బరువు లెక్క

మీకు ఇప్పుడున్న యంత్రములు, రాబోవు మూడు నాలుగు సంవత్సరములలో కొనదలచిన యంత్రములు ఒక కాగితముపై వ్రాయుడు. ప్రతి మోటారుకు అంటించిన రేకుపై అశ్వశక్తి, వోల్టేజి, ఆంపియర్లు వ్రాసియుండును. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానము. మూడు ఫేజుల మోటారు, 415 వోల్టులపై, అశ్వశక్తికి సుమారు 1.5 ఆంపియర్లు లాగునని అంచనా వేసికొనవచ్చును. ఒక ఉదాహరణ చూడుడు.

బియ్యపు మర: 10 అశ్వశక్తి, సుమారు 15 ఆంపియర్లు.
పిండిమర: 5 అశ్వశక్తి, సుమారు 7.5 ఆంపియర్లు.
గడ్డి కోయు యంత్రము: 3 అశ్వశక్తి, సుమారు 4.5 ఆంపియర్లు.
నీటి పంపు: 2 అశ్వశక్తి, సుమారు 3 ఆంపియర్లు.

మొత్తము 20 అశ్వశక్తి, సుమారు 15 కిలోవాట్లు, 30 ఆంపియర్లు. తరువాత 7.5 అశ్వశక్తిగల నూనె మర పెట్టదలచినచో మొత్తము 27.5 అశ్వశక్తి, సుమారు 41 ఆంపియర్లగును. స్తంభము నుండి కొట్టమునకు వచ్చు ప్రధాన కేబులు ఈ 41 ఆంపియర్లకు తగినట్లు నేడే వేయవలెను. కొట్టములోని చిన్న తీగెలు తరువాత చేర్చుకొనవచ్చును. ప్రధాన కేబులును మరల త్రవ్వి వేయుట రెండింతల ఖర్చు.

3. తీగె మందము

తీగెను నీటి కాలువతో పోల్చి చూడుడు. కాలువ సన్నమై, పొడవు ఎక్కువైనచో చివరి మడికి నీరు చాలదు. అట్లే తీగె సన్నమై, దూరము ఎక్కువైనచో చివరనున్న మోటారుకు వోల్టేజి చాలదు.

పై ఉదాహరణలో స్తంభము నుండి కొట్టము 80 మీటర్ల దూరమున్నదనుకొనుడు. 30 ఆంపియర్లు ప్రవహించునపుడు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెలో సుమారు 20 వోల్టులు దారిలోనే పోవును. 6 చ.మి.మీ. తీగెలో సుమారు 14, 10 చ.మి.మీ. తీగెలో సుమారు 8 వోల్టులు మాత్రమే పోవును. 41 ఆంపియర్లకు పెరిగినను 10 చ.మి.మీ. తీగెలో నష్టము 11 వోల్టులకు మించదు. కనుక ఇక్కడ 10 చ.మి.మీ. రాగి తీగె, లేదా దానికి సుమారుగా సరిపడు 16 చ.మి.మీ. అల్యూమినియము తీగెగల ఉక్కు కవచపు కేబులు వేయుట మంచిది. అల్యూమినియము చౌక, కాని దానిని రాగితో కలిపి మెలిపెట్టి కట్టకూడదు. తేమ తగిలి అతుకు తినివేయబడి వేడెక్కును. తగిన లగ్గులు వాడి బిగించవలెను.

కేబులును భూమిలో వేయునపుడు మూడు పాతిక మీటరు, అనగా 75 సెంటీమీటర్ల లోతున ఇసుక పరచి, దానిపై కేబులు, మరల ఇసుక, పైన ఇటుకలు పేర్చి కప్పవలెను. రేపు నాగలి గాని ట్రాక్టరు గాని వచ్చినపుడు ఇటుక ముందు తగిలి హెచ్చరించును. గాలిలో తీగె లాగినచో అది దారిని దాటుచోట నేలకు 5.8 మీటర్లకు తక్కువ ఎత్తున ఉండకూడదు. ఎండుగడ్డి బండ్లు, వరి బస్తాల లారీలు ఆ దారినే వచ్చునని మరువకూడదు. తీగె క్రింద గడ్డివామి వేయనే కూడదు.

4. స్టార్టరు, రక్షణ సాధనములు

మోటారు నడుచునపుడు లాగు కరెంటు వేరు, బయలుదేరునపుడు లాగునది వేరు. నేరుగా స్విచ్చి వేసినచో 15 ఆంపియర్ల మోటారు క్షణకాలము సుమారు ఆరింతలు, అనగా 90 ఆంపియర్లు లాగును. 4 చ.మి.మీ. తీగె వేసియున్నచో ఆ క్షణమున 60 వోల్టులకు పైగా దిగిపోవును. దీపములు మిణుకుమనుటకు కారణమిదే. పెద్ద మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టరు పెట్టినచో బయలుదేరు కరెంటు మూడవ వంతుకు తగ్గును. అయితే త్రిప్పు బలము కూడ మూడవ వంతుకు తగ్గును. కావున మర తొట్టిలో ధాన్యము లేకుండగనే బయలుదేరదీసి, వేగము అందుకొనిన పిదప ధాన్యము పోయవలెను.

ప్రతి మోటారుకు వేరు స్టార్టరు, వేరు ఎం.సి.బి., దాని కరెంటుకు సరిపడ అమర్చిన ఓవర్‌లోడు రిలే ఉండవలెను. మూడు ఫేజులలో ఒకటి పోయినపుడు మోటారు మిగిలిన రెండింటిపై మూలుగుచు నడిచి కాలిపోవును. మన ప్రాంతమున కాలిన మోటార్లలో చాలవాటికి ఇదే కారణము. సింగిల్ ఫేజు ప్రివెంటరు పెట్టినచో ఈ నష్టము తప్పును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని మందపు తీగె చుట్టుట దొంగ వచ్చినపుడు అరచు కుక్కను కట్టివేయుట వంటిది.

ఇంకొక ముఖ్య విషయము. బావి మోటారుకు కొందరు ఆటోమాటిక్ స్టార్టరు పెట్టుదురు. దానిని మరలకు, గడ్డి యంత్రమునకు ఎన్నడును పెట్టకూడదు. కరెంటు పోయినదని ఇంటిలోనివారు గడ్డి యంత్రపు కత్తుల మధ్య ఇరుకుకొన్న చొప్పను చేతితో లాగుచుందురు. అప్పుడే కరెంటు వచ్చినచో చేయి పోవును. సాధారణ స్టార్టరు కరెంటు పోగానే తనంతట విడిపోవును. మీరు బొత్తాము నొక్కినగాని మరల నడువదు. ఆ గుణమును చెరుపకూడదు. స్టార్టరు బొత్తామునకు పుల్ల గాని తాడు గాని బిగించుట కూడ అంతటి ప్రమాదమే.

5. ఎర్తింగు

ఎర్తింగు ఖర్చు వృథా అని తలచువారు పెక్కుమంది. దాని అవసరమును ఒక లెక్కతో తెలిసికొనుడు. మోటారు లోపల తీగె తొడుగు చెడి, ఇనుప ఒంటికి కరెంటు తగిలినదనుకొనుడు. మీ ఎర్తు గుంట ఎండిపోయి 20 ఓముల నిరోధము చూపుచున్నచో, 230 వోల్టులకు 11.5 ఆంపియర్లు మాత్రమే భూమిలోనికి పోవును. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనికి పడిపోదు. మోటారు ఒంటిపై కరెంటు అట్లే నిలిచియుండును. తాకినవారు ప్రాణము కోల్పోవుదురు.

అందుచేత రెండు పనులు చేయవలెను. మొదటిది, మంచి ఎర్తు గుంటలు రెండు. ఒక్కొక్కదానిలో 40 మి.మీ. వ్యాసము, 2.5 మీటర్ల పొడవుగల గాల్వనైజు గొట్టము దించి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పూడ్చవలెను. గోడకు 1.5 మీటర్లకు తక్కువ దూరమున గుంట త్రవ్వకూడదు. ప్రతి మూడు ఫేజుల మోటారు ఒంటికి రెండు వేర్వేరు ఎర్తు తీగెలు కట్టవలెను. న్యూట్రలు తీగెను ఎర్తుగా వాడరాదు. వేసవిలో గుంటలో నీరు పోయుచుండవలెను.

రెండవది, భూమిలోనికి పారిపోవు కరెంటును కనిపెట్టి సరఫరా త్రుంచు ఆర్.సి.సి.బి. పెట్టవలెను. కొట్టము, దీపములు, చేతితో పట్టు పనిముట్ల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లది వాడవలెను. దానిపైనున్న పరీక్ష బొత్తామును నెలకొకసారి నొక్కి చూడవలెను. పశువునకు ముందు కాళ్ళకు, వెనుక కాళ్ళకు దూరమెక్కువ. తడినేలపై మనకు చురుక్కుమనిపించు కరెంటు దాని గుండె మీదుగా పోయి చంపును. కట్టుకొయ్యలకు గాని, ఇనుప తొట్లకు గాని తీగె తగులకుండ చూడవలెను.

6. దుమ్ము, ఎలుకలు, కెపాసిటరు

పొట్టు, తవుడు, పిండి గాలిలో తేలి నిప్పురవ్వ తగిలినచో భగ్గుమనును. గనిలో బొగ్గుధూళి మండకుండ రాతిపొడి చల్లుట గనిలో పనిచేసినవారికి తెలిసినదే. మన మరలోను ధూళి శత్రువే. కావున మూతగల స్విచ్చిబోర్డును ధూళి పడని గోడకు అమర్చి, పూర్తిగా కప్పబడిన మోటార్లనే కొనవలెను. వారమునకొకసారి, సరఫరా ఆపిన తరువాత, మోటారు రెక్కలపై పేరుకొన్న దుమ్ము తుడువవలెను. దుమ్ము దుప్పటి వలె మోటారు వేడిని బయటికి పోనీయదు. ధాన్యమున్నచోట ఎలుకలుండును, తీగెలను గొట్టములలోనే నడిపించి, చివరలు మూసివేయవలెను.

5 అశ్వశక్తి మోటారుకు 2, 10 అశ్వశక్తి మోటారుకు 4 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు కట్టినచో అదే పనికి తీగెలో ప్రవహించు కరెంటు తగ్గును. శక్తి గుణకము 0.75 నుండి 0.95కు పెరిగినచో కరెంటులో అయిదవ వంతు ఆదా అగును.

7. కనెక్షను విషయము

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. అది సాగునీటి కొరకు ఇచ్చినది. ఆ లైను నుండి గిర్ని నడుపుట నేరము. 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము అట్టి వాడకమునకు రెండింతల ధర విధింతురు. ఎప్పటి నుండి వాడితిరో తేలనిచో పండ్రెండు నెలలకు లెక్కగట్టుదురు. ఒక్క తనిఖీలో మర సంపాదించిన సంవత్సరపు లాభము పోవును. కనుక మరకు వేరు కనెక్షను కొరకు విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయములో దరఖాస్తు చేయుడు. పాడి కొట్టమునకు ఏ తరగతి వర్తించునో వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనుడు. బరువు పెంచినపుడెల్ల తెలియజేసినగాని ఊరి ట్రాన్సుఫార్మరుపై భారము సరిచూచుటకు వారికి వీలుండదు.

8. గని నేర్పిన క్రమము

గనిలో ఎలక్ట్రీషియను పనిచేయుటకు ముందు సరఫరా ఆపి, స్విచ్చికి తాళము వేసి, హెచ్చరిక పలక తగిలించి, కరెంటు లేదని పరీక్షించి తరువాతనే చేయి పెట్టును. ఈ నాలుగు పనులను మన కొట్టములోను పాటించవలెను. తాళపుచెవి మరమ్మతు చేయువాని జేబులోనే ఉండవలెను. మీ ఇంటనో, ప్రక్క ఇంటనో గనిలో ఈ పనిచేసి విరమించిన పెద్దలుందురు. వారిని పిలిచి ఒక పూట మీ తీగెలు చూపుడు.

ఏటా రోహిణి కార్తెలో, మృగశిర వానలకు ముందు, అతుకులు బిగించి, ఎర్తు గుంటలలో నీరు పోసి, చినిగిన తొడుగులు మార్పించుడు. స్తంభముపై తీగె తెగిపడినచో దగ్గరకు పోక, ఎవరిని పోనీయక, 1912 నంబరుకు తెలియజేయుడు.

క్రొత్త యంత్రము తెచ్చిన దినమున కొబ్బరికాయ కొట్టుట మన ఆచారము. ఆ కాయ కొట్టుటకు ముందు ఈ కాగితపు లెక్క ఒకసారి తీసి చూచుకొనుడు. ప్రధాన కేబులు సరిపోవునా? స్టార్టరు వేరుగ ఉన్నదా? రెండు ఎర్తు తీగెలు కట్టినారా? ఈ మూడు ప్రశ్నలకు అవునని చెప్పగలిగిననాడే మర తిరుగవలెను.